గడ్డి ప్రాణం ఎక్కడుంది?

హైదరాబాద్ శివారులో ఇల్లు కట్టుకున్న ఏడాది, ముందు వాకిట్లో చిన్న లాన్ వేయించాం. ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తోలించి, పశువుల ఎరువు కలిపి, పైన మెక్సికన్ గడ్డి పలకలు పరిపించాం. వేసవంతా నీళ్లు పట్టాం. మేనెలాఖరుకి కాలు పెడితే మెత్తగా దిగబడే పచ్చిక తయారైంది.

మృగశిర కార్తెలో తొలి వానలు పడ్డాయి. పది రోజులు తిరిగేసరికి ఆ పచ్చిక మధ్య నుంచి వేరే ఆకులు పైకి లేచాయి. కొన్ని నిగనిగలాడుతూ నిటారుగా, కొన్ని వెడల్పాటి ఆకులతో గుబురుగా, కొన్ని నేలకు అంటుకుని చక్రంలా విచ్చుకుని ఉన్నాయి. అన్నీ మోటు గడ్డే అనుకుని చేతికందినవల్లా పీకేశాను. వారానికి పీకిన చోటే మళ్లీ మొలిచాయి. ఈసారి పార తీసుకుని, ఆ చోట్లన్నీ తవ్వి, గడ్డలు గడ్డలుగా ఉన్న మట్టిని చితక్కొట్టి మళ్లీ సర్దాను. నెల తిరిగేసరికి ఒకటున్న చోట నాలుగు మొలిచాయి.

ఆ శ్రావణంలో తెనాలి దగ్గర మా ఊరి నుంచి అమ్మ వచ్చింది. నలభై ఏళ్లు వరిచేలో కలుపు తీసిన చెయ్యి అది. లాన్ అంచున గొంతుకు కూర్చుని ఒక కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించింది.

“ఇది గడ్డి కాదురా, తుంగ. కాడ మూడు పలకలుగా లేదూ? పైన పీకితే నీకేం దొరుకుతుంది, గడ్డ కిందుంటేనూ!”

పక్కనున్న గుబురును పట్టుకుంది. “ఇది ఊద. దీనికి గడ్డా గిడ్డా ఉండవు. కంకి వెయ్యకముందు పీకితే దీని పని అయిపోయినట్టే.” ఇంకో రెండడుగులు జరిగి, నేల మీద పాకుతున్న సన్నటి తీగను ఎత్తి చూపించింది. “ఇది గరిక. ఇది ఒకచోట ఉండేది కాదు.”

నేను ‘కలుపు’ అని ఒకే పేరు పెట్టినదాన్ని అమ్మ పది నిమిషాల్లో మూడుగా విడదీసింది. పేర్ల తేడా పైకి కనిపించేది. ఆ విడదీయడం వెనుక ఉన్న అసలు ప్రశ్న వేరు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరును కత్తితో నరికినా లాభం లేదు. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు, ఎక్కడో దూరాన చిలకలో ఉంది. పచ్చికలో మొలిచే ప్రతి మోటు గడ్డికీ అలాంటి చిలక ఒకటుంటుంది. అది ఎక్కడుందో తెలిస్తే చేతులతోనే సగం పని అవుతుంది. తెలియకపోతే నేను పారతో చేసినట్టు, మన శ్రమంతా దాని వ్యవసాయానికే పోతుంది.

కోస్తే చావని మొక్క

మామిడి మొక్క చిగురు తుంచితే పెరుగుదల అక్కడ ఆగిపోతుంది. పక్క మొగ్గలు లేచేదాకా అది కదలదు. గడ్డి అలా కాదు. ఎదిగే కణాలు దాని ఆకు కొసన ఉండవు, ఆకు మొదట్లో ఉంటాయి. పిలకలు పుట్టే మొగ్గలు ఇంకా కిందికి, నేల మట్టానికి అంటుకున్న కుదురులో ఉంటాయి. ఆవు వచ్చి ఆకును సగానికి కొరికేసినా, కింద నుంచి మిగతా సగం పైకి జరుగుతూనే ఉంటుంది. మేసే జంతువుల నోళ్ల కింద లక్షల ఏళ్లు బతికిన వంశానికి దక్కిన వరం ఇది.

లాన్ అనే ఏర్పాటు మొత్తం ఈ ఒక్క గుణం మీదే నిలబడింది. గడ్డి కోసే యంత్రాన్ని 1830లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌షైర్‌లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన తయారుచేశాడు. ఉన్ని బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించే మిల్లు యంత్రాన్ని చూసి, అదే పని నేల మీద ఎందుకు చేయకూడదనుకున్నాడు. అంతకుముందు పెద్ద భవంతుల ముందు పచ్చికను కొడవళ్లతో కోయడమో, గొర్రెలకు మేపడమో చేసేవారు.

కోత యంత్రం ఒక జల్లెడ. ప్రాణాన్ని పైన పెట్టుకున్న మొక్కల్ని అది తీసేస్తుంది, కింద దాచుకున్నవాటిని వదిలేస్తుంది. మనం పెంచే గడ్డి ఆ జల్లెడలోంచి ఏ కారణంతో బయటపడుతుందో, మోటు గడ్డీ అదే కారణంతో బయటపడుతుంది. వారం వారం కోసినంత మాత్రాన అది పోకపోవడానికి కారణం ఇదే.

మందు దగ్గరా ఇదే చిక్కు. 1940లలో వచ్చిన 2,4-డి వెడల్పాకు మొక్కల్ని చంపి గడ్డిని వదిలేస్తుంది. ఆ రెండింటి ఒంటి తీరు వేరు కాబట్టి ఆ ఎంపిక సాధ్యమైంది. కానీ గడ్డిలో గడ్డి మొలిస్తే, రెండూ ఒకే కుటుంబం, రెండింటిదీ ఒకే కట్టుబడి. ఒకదానికి తగిలే దెబ్బ రెండోదానికీ తగులుతుంది. మందుల షాపులో వయ్యారిభామకు సులువుగా దొరికే సమాధానం ఊదకు దొరకకపోవడం అందుకే.

మన పంటల చుట్టాలే

1977లో లిరాయ్ హోమ్, మరికొందరు శాస్త్రవేత్తలు కలిసి ప్రపంచంలోని అతి చెడ్డ కలుపు మొక్కల మీద ఒక పుస్తకం తెచ్చారు. అందులో మొదటి స్థానం తుంగది. రెండోది గరిక. మూడు, నాలుగు స్థానాలు రెండు రకాల ఊదలవి. అయిదోది చేతి వేళ్లలా కంకి విచ్చే అడవి రాగి. ఆరోది జాన్సన్ గడ్డి, ఏడోది దర్భను పోలిన ఇంపరేటా. ఈ ఏడింటిలో తుంగ తప్ప మిగతా ఆరూ గడ్డి కుటుంబానివే. మా ఇంటి ముందు చిన్న చతురస్రంలో వీటిలో నాలుగు దొరికాయి.

ఈ జాబితాను కాస్త దగ్గరగా చూస్తే మన వంటింటి డబ్బాలు గుర్తుకొస్తాయి. వేళ్ల కంకి గడ్డి మన రాగికి దగ్గరి బంధువు. కిరాణా కొట్లో సిరిధాన్యాల వరసలో ఉండే ఊదలు, లాన్‌లో మొలిచే అడవి ఊద నుంచి మనుషులు మచ్చిక చేసుకున్నవే. జాన్సన్ గడ్డి జొన్నకు చుట్టం. కొర్రకూ ఇలాగే ఒక అడవి పూర్వీకుడున్నాడు. తక్కువ నీటితో, పేద నేలలో, మండే ఎండలో త్వరగా గింజకొచ్చే గుణం కోసమే మన పూర్వులు వాటిని ఎంచుకున్నారు. మచ్చిక కాని తోబుట్టువుల్లోనూ ఆ గుణాలే ఉన్నాయి. పచ్చికలో మనల్ని విసిగించేదీ, మెట్ట పొలంలో తరాలను బతికించినదీ ఒకటే శక్తి.

ఆ ఎండ తట్టుకునే శక్తికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు సి4 కిరణజన్య సంయోగక్రియ. ఈ మొక్కలు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ముందు ఒక గదిలో పట్టి, చిక్కబరిచి, తర్వాత చక్కెర తయారయ్యే గదిలోకి పంపుతాయి. వేడిలో, తక్కువ నీటితో ఎక్కువ పెరగడానికి ఇది గొప్ప ఉపాయం. తుంగకూ ఇది ఉంది. మన లాన్లలో పెంచే గరిక, కొరియన్, మెక్సికన్ గడ్డికీ ఉంది.

దీనివల్ల ఒక ముఖ్యమైన తేడా వస్తుంది. అమెరికా ఉత్తర ప్రాంతాల్లో పెంచే పచ్చిక ఈ ఉపాయం లేని చలి గడ్డి. అక్కడ మొండిగా వచ్చే క్రాబ్‌గ్రాస్ ఈ ఉపాయమున్న వేడి గడ్డి. వసంతంలో నేల వేడెక్కి సుమారు 13 డిగ్రీల సెల్సియస్‌కు చేరాకే దాని గింజ మొలుస్తుంది, తొలి మంచుకు చచ్చిపోతుంది. ఫోర్సీథియా పసుపు పూలు పూసే వేళే గింజ మొలవకుండా మందు చల్లాలని అక్కడివారు లెక్కపెట్టుకుంటారు. మనకు పచ్చికా కలుపూ రెండూ వేడి గడ్డే. మంచు వచ్చి ఒకదాన్ని చంపి రెండోదాన్ని మిగల్చదు. మన గడియారం తొలకరి. గింజలన్నీ ఎదురుచూసేది ఆ తడి కోసమే. న్యూజెర్సీలో ఉన్న బంధువు చెప్పే తేదీలు హైదరాబాద్‌లో పనికిరాకపోవడానికి కారణం ఇది.

నాలుగు దాపులు

ఇక చిలక వేట. మోటు గడ్డి తన ప్రాణాన్ని ప్రధానంగా నాలుగు చోట్ల దాచుకుంటుంది.

మొదటిది గింజ. ఊద, అడవి రాగి, నాలుగు పొట్టి వేళ్లు నక్షత్రంలా విచ్చుకునే కంకి గడ్డి, ఇవన్నీ ఏడాది మొక్కలు. ఈ సీజన్ దాటితే మొక్క ఎటూ చస్తుంది. దాని ఆశంతా కంకి మీదే. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. కాబట్టి ఇక్కడ గెలుపు ఓటములు కంకి వేసే రోజున తేలిపోతాయి. వాన పడిన మర్నాడు, నేల మెత్తగా ఉన్నప్పుడు, కుదురు పట్టుకుని నెమ్మదిగా లాగితే వేళ్లతో సహా వస్తుంది. కంకి వచ్చేశాక పీకితే, దులపకుండా సంచిలో వేసి బయటికి పంపాలి. ఎరువు గుంటలో వేయకూడదు. నేలలో ముందే పడి ఉన్న గింజలు కొన్నేళ్లు మొలుస్తూనే ఉంటాయి, కానీ కొత్తవి చేరకపోతే ఏటేటా తగ్గుతాయి.

అడవి రాగి విషయంలో ఇంకొకటి గమనించాలి. తెల్లటి, చదునైన మొదలుతో చక్రంలా నేలకు అంటుకుని ఉంటుంది. యంత్రం బ్లేడు దాని పైనుంచి వెళ్లిపోతుంది. అది ఎక్కువగా మొలిచేది మనం రోజూ నడిచే దారిలో, కుర్చీలు వేసే చోట, గేటు మలుపులో. అక్కడ మట్టి గట్టిపడి, గాలి ఆడక, పచ్చిక వేళ్లు నీరసించి ఉంటాయి. ఆ ఖాళీలో ఇది నిలదొక్కుకుంటుంది. అది మొలిచిన చోటు మట్టి ఆరోగ్యం గురించి మనకు అందిన కబురు. మొక్కను తీసేసి ఊరుకుంటే మళ్లీ వస్తుంది. ఇనుప ముళ్ల పారతో అక్కడ లోతుగా రంధ్రాలు చేసి, చివికిన ఎరువు, ఇసుక దిమ్మరించి, నడక దారి మార్చాలి.

రెండో దాపు కుదురు. ఏళ్ల తరబడి బతికే గుబురు గడ్డి ప్రాణం నేల మట్టానికి ఒకటి రెండు అంగుళాల కింద, పిలకలు పుట్టే ముద్దలో ఉంటుంది. ఆకులు చేతికొస్తాయి, ముద్ద రాదు. దీనికి చిన్న గునపమో బొరిగెనో కావాలి. గుబురు చుట్టూ గుండ్రంగా కోసి, ముద్ద మొత్తాన్ని మట్టితో సహా లేపాలి. ఆ గుంటలో మంచి మట్టి నింపి, లాన్ అంచు నుంచి తీసిన ఒక చిన్న పలకను అదే రోజు అతకాలి. ఖాళీగా వదిలిన గుంట తర్వాతి గింజకు పిలుపు.

మూడోది కణుపు. గరికకు నేల మీద పాకే కాడలూ ఉన్నాయి, నేల లోపల పాకే కాడలూ ఉన్నాయి. ప్రతి కణుపులో ఒక మొగ్గ, వేరు వేసే శక్తీ ఉంటాయి. తీగను పది ముక్కలు చేస్తే పది మొక్కలు చేసినట్టు. మాయల ఫకీరుకు ఒక్క చిలకే, గరికకు వంద. అందుకే దాన్ని తవ్వి చితక్కొట్టకూడదు. కొసను పట్టుకుని, దారాన్ని ఊడదీసినట్టు, అది ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడిదాకా వెనక్కి వెళ్లాలి. మా ఇంట్లో అది పక్క ఖాళీ స్థలం నుంచి ప్రహరీ కింద సందులోంచి వచ్చింది. ఆ సందులో అరడుగు లోతున రాతి పలక దించాక గానీ మా పీకుడుకు ఫలితం కనబడలేదు. దానికి ఒక బలహీనత ఉంది, నీడ. చెట్టు కింద గరిక పలచబడిపోతుంది, అక్కడ కొరియన్, మెక్సికన్ రకాలు కాస్త మెరుగ్గా నిలుస్తాయి.

నాలుగోది గడ్డ. తుంగ అసలు గడ్డి కుటుంబానిదే కాదు. గడ్డి కాడ గుండ్రంగానో చదునుగానో ఉండి కణుపులతో ఉంటుంది. తుంగ కాడకు మూడు అంచులు, కణుపులు లేని నునుపు. నేలలో దాని సన్నటి కాడల మీద, దారానికి పూసలు గుచ్చినట్టు గడ్డలుంటాయి. ఆయుర్వేదంలో వాడే తుంగముస్తలు ఇవే. అడవిపందులు మట్టి తోడి తినేవీ ఇవే.

ఈ గొలుసులో ఒక క్రమశిక్షణ ఉంది. పై గడ్డ మొలకెత్తితే కింది గడ్డల్ని నిద్రపుచ్చి ఉంచుతుంది. గొలుసు తెగితే ఆ అదుపు పోయి ప్రతి గడ్డా సొంతంగా మొలుస్తుంది. ఆ జూన్‌లో నేను పారతో చేసింది సరిగ్గా అదే: నిద్రపోతున్నవాటిని ఒక్కొక్కటిగా లేపాను.

తుంగకు రెండు దెబ్బలు తగులుతాయి. ఒకటి ఆకలి. మొలక పైకొచ్చిన మూడు నాలుగు వారాల్లో కొత్త గడ్డలు మొదలవుతాయి. రెండు వారాలకోసారి మానకుండా మొలకల్ని తీస్తూ ఉంటే, తల్లి గడ్డ తన నిల్వను ఖర్చుపెడుతూ పోతుంది, కొత్తది జమ కాదు. ఇది ఒక నెల పని కాదు, రెండు మూడు వానాకాలాలది. రెండోది ఎండ. తడి ఆరిపోతే గడ్డ చచ్చిపోతుంది. రైతులు వేసవి దుక్కులు దున్ని, తుంగ గడ్డల్ని పైకి తిరగేసి, రోహిణి ఎండకు వదిలేసేది ఈ ఎరుకతోనే. తవ్వి తీసిన గడ్డల్ని మేడ మీద పరిచి గలగలలాడేదాకా ఎండబెట్టాలి. గట్టు మీద గుట్టగా పోస్తే మొదటి వానకే మొలుస్తాయి.

మట్టి పోయకముందు

ఇన్ని దాపుల్ని వెతికే శ్రమలో ఎక్కువ భాగం ముందే తప్పించుకోవచ్చు. మా లాన్‌లోకి తుంగ ఎగిరి రాలేదు. ట్రాక్టరు మట్టిలో వచ్చింది. చెరువు కట్ట పక్కనో, పాత పొలంలోనో తవ్విన మట్టిలో గడ్డలుండడం సహజం. ఊద గింజలు చివకని పేడ ఎరువులో వచ్చాయి. పశువు కడుపులోంచి కొన్ని గింజలు చెక్కుచెదరకుండా బయటపడతాయి. గడ్డి పలకలు కడియం నర్సరీల నుంచి తెచ్చినా, మన ఊరి నర్సరీలో కొన్నా, వాటి అడుగు భాగం తిప్పి చూడాలి. అందులో నల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే ఆ పలక వద్దు.

మట్టి పోశాక ఆగడం నేర్చుకోవాలి. నీళ్లు పెట్టి, మొలిచేవాటిని మొలవనిచ్చి, లేతగా ఉండగానే దోకుడుపారతో పైపైన చెక్కేయాలి. లోతుగా తవ్వితే కింది గింజలు పైకొస్తాయి. ఇలా రెండు మూడు దఫాలు చేస్తే పైపొర ఖాళీ అవుతుంది.

వేసవి మన చేతిలో ఉన్న ఇంకో ఆయుధం. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కాటన్, ఆయన సహచరులు తడి నేల మీద పారదర్శక పాలిథీన్ షీటు కప్పి, ఎండతోనే నేలలోని తెగుళ్లను చంపవచ్చని చూపించారు. కలుపు గింజలకూ అది వర్తిస్తుంది. నేలను బాగా తడిపి, చదును చేసి, షీటును నేలకు అంటేలా పరిచి, అంచులు మట్టితో కప్పేయాలి. తడి మట్టి వేడిని లోపలికి తీసుకెళ్తుంది. ఏప్రిల్ మధ్య నుంచి మే చివరిదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే పైపొరలోని గింజలు చాలామటుకు చస్తాయి. తుంగకు మాత్రం దీన్ని పూర్తి మందుగా నమ్మకూడదు. లోతు గడ్డలకు ఆ వేడి అందదు, వాటి మొనలు పలచటి షీటును చీల్చుకుని రాగలవు.

లాన్ వేశాక మన మొదటి కాపలాదారు పచ్చికే. గింజకు వెలుతురు తగలకుండా కమ్ముకుని ఉన్న ఒత్తైన పచ్చికలో మోటు గడ్డి మొలవడం కష్టం. ఒక్క కోతలో ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. మరీ నేలకు కోస్తే పచ్చిక వేళ్లు పైకే ఉండిపోతాయి, నేల బయటపడుతుంది. రోజూ పైపైన చల్లే తడి తుంగకు ఇష్టం. నాలుగైదు రోజులకోసారి లోతుగా తడపడం పచ్చికకు మేలు.

మందు గురించి

పెండిమిథాలిన్ లాంటివి గింజ మొలిచే దశలోనే వేరును ఆపేస్తాయి. మొలిచి పెరిగినదాన్ని ఏమీ చేయలేవు. హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ తుంగను పట్టుకుని, చాలా గడ్డి జాతుల్ని వదిలేస్తుంది. తుంగ వేరే కుటుంబానిది కావడమే ఇక్కడ మనకు కలిసొచ్చిన సంగతి. గ్లైఫోసేట్ పచ్చగా ఉన్నదాన్నల్లా, మన పచ్చికతో సహా చంపుతుంది. దాని వాడకాన్ని చీడపీడల నివారణ నిపుణులకే పరిమితం చేస్తూ 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఒకే మందును పదే పదే కొడితే ఏమవుతుందో అడవి రాగి చూపించింది: గ్లైఫోసేట్‌కు లొంగని రకాలు 1997 నాటికే మలేషియాలో బయటపడ్డాయి. పిల్లలు పొర్లాడే, పెంపుడు కుక్క పడుకునే పది గజాల పచ్చికలో నేనైతే చేతినే నమ్ముతాను. మందు తప్పదనుకుంటే సీసా మీది సూచన అక్షరం అక్షరం చదివి, అందులో చెప్పిన చోటే వాడాలి.

గరిక దగ్గర ఆగి

టెక్సాస్‌లో డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామంది ఇళ్ల ముందు పెంచే ‘బెర్ముడా గ్రాస్’ మన గరికే. వినాయక చవితికి దూర్వాయుగ్మం కావాలంటే వాళ్లకు గుమ్మం ముందే ఉంటుంది. అదే గరిక ఇంకొంచెం ఉత్తరాన చలి గడ్డి లాన్‌లోకి పాకితే ఆ ఇంటివాళ్లు దాన్ని వదిలించుకోవడానికి నానా తంటాలు పడతారు.

జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త గరికకూ ఆఫ్రికాలోని దాని చుట్టానికీ పుట్టిన ఒక సంకరాన్ని ఎంచి, టిఫ్‌వే అనే రకంగా తెచ్చాడు. అది 1960లో విడుదలైంది. గింజ కట్టని ఆ గరికను ముక్కలుగానే నాటాలి. అదే బర్టన్ తయారుచేసిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ వంగడం తల్లిగా, 1965లో మన దేశపు తొలి సంకర సజ్జ హెచ్‌బి-1 వచ్చింది. పచ్చికకు గరికను, పళ్లేనికి సజ్జను ఒకే చేయి దిద్దింది. గడ్డి కుటుంబంలో పంటకూ కలుపుకూ మధ్య గీత ఎంత సన్ననిదో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరుసటి ఏడు తొలకరికి అమ్మ మళ్లీ వచ్చింది. మామిడి నీడ పడే సగంలో మెక్సికన్ గడ్డి నిలబడింది. ఎండ కాసే సగంలో గరికతో పోరాటం ఆపేశాను. వారం వారం కోస్తూ ఉంటే అదే చక్కటి పచ్చిక అయింది. తుంగ మొలకలు ఇంకా వస్తున్నాయి, కానీ నిరుటి ఏడుతో పోలిస్తే సన్నగా, పాలిపోయి, అక్కడొకటీ ఇక్కడొకటీ. అమ్మ ఒకదాని పక్కన మట్టిలోకి వేలు దించి, తడుముతూ కాడ వెంట కిందికి వెళ్లి, ఎండు రేగిపండులా ముడతలు పడిన గడ్డను బయటికి తీసింది. రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి నా చేతిలో పెట్టింది.

“ఇందులో ఇంకేం లేదురా. బోలు” అంది.